వంకపల్లె నీళ్ల అప్పు

జూలై 4

ఆళ్లగడ్డ మండలాఫీసులో మీటింగు. ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి కిందిదాకా రావడం లేదు. మంచినీళ్ల పథకం గురించి చదివి వినిపించారు – ఊరికి ఒక బోరు, ఒక ట్యాంకు, ఇంటింటికీ కొళాయి. ఖర్చులో కొంత ప్రభుత్వం ఊరికే ఇస్తుంది. మిగతాది అప్పు. తీసుకునేది పంచాయతీ.

అప్పు అనగానే నా పక్కన కూర్చున్న సర్పంచులిద్దరూ ఫోన్లు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు. నాకు మాత్రం ఆ మాట దగ్గరే చిక్కుపడింది. మనిషి అప్పు తీసుకోవడం తెలుసు. చేను పెడతాడు, బంగారం పెడతాడు, లేదంటే ఎవరో ఒకరు పూచీ ఉంటారు. ఊరు ఏం పెడుతుంది? ఊరికి పూచీ ఎవరు?

అడుగుదామనుకున్నాను. టీ వచ్చింది. మీటింగు అయిపోయింది.

మా ఆయన విత్తనాల అంగడి మూసేదాకా ఉండి, ఇద్దరం ఒకే బండి మీద వంకపల్లెకు వచ్చాం. దారిలో ఇదే అడిగాను. "నన్నడిగితే ఎట్లా? సర్పంచి నువ్వు గదా," అన్నాడు. సీటు ఆడవాళ్లకు వచ్చినప్పుడు నాతో నామినేషను వేయించింది ఈయనే. ఇప్పుడు ఏది అడిగినా ఇదే జవాబు. నవ్వుతూ చెప్తాడు కాబట్టి కోపం రాదు.

జూలై 5

పంచాయతీకి బంగారం లేదు. ఉన్నదల్లా రోడ్డు పక్క చింతచెట్లు, ఒక బీరువా.

జూలై 8

నంద్యాల. నీటి సరఫరా ఆఫీసు. మా మండలం చూసే ఇంజనీరు షాహీన్ గారు – నాకంటే చిన్నదే అనుకుంటా. బల్ల మీద పైపు ముక్కలు పేపర్ల మీద బరువుకు పెట్టుకుంది.

నేరుగా అడిగేశాను. ఊరు అప్పు కట్టకపోతే ఏం చేస్తారు? ఊరిని జప్తు చేస్తారా?

నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఇంతవరకు ఎవరూ అడగలేదు మేడం ఈ మాట," అంది. కుర్చీ ముందుకు లాక్కుని వివరంగా చెప్పింది. ఊరు కుదవ పెట్టేది కొళాయి రుసుమును. నెలనెలా ప్రతి ఇల్లూ కట్టే డబ్బులో కొంత కరెంటుకు, కొంత రిపేర్లకు, కొంత అప్పుకు. ఏళ్ల తరబడి. జనం కట్టకపోతే పంచాయతీకి రావలసిన వేరే నిధుల్లోంచి పట్టుకుంటారు. అంటే వీధి దీపాలు పోతాయి, కాలువల శుభ్రం పోతుంది.

ముందు కావలసినవి మూడు. నీళ్లు పడే చోటు. ఆ చోటు పంచాయతీ పేరు మీద రిజిస్టరు కావాలి. గ్రామసభ ఒప్పుకోవాలి.

"ఒప్పుకోవాలి అంటే సంతకాలా?" అన్నాను. సంతకాలు ఎవరైనా పెడతారు మేడం, అర్థమయ్యి ఒప్పుకోవాలి అంది. ఆ మాట కోసమైనా నంద్యాల దాకా వచ్చినందుకు సరిపోయింది.

బస్టాండు దగ్గర ఎర్రకారం దోసె. కళ్లలో నీళ్లు. ఇంకొకటి తిన్నాను.

జూలై 9

అంగన్వాడీ పిల్లలకు గుడ్లు వచ్చాయో లేదో చూడడానికి వెళ్లాను. పళ్లేలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. హఠాత్తుగా తట్టింది – ఈ అప్పు ఆఖరి కంతు కట్టేది వీళ్లు. నేను అప్పటికి సర్పంచిని కాను. సంతకం నాది, కట్టడం వీళ్లది. ఒక పాప పళ్లెం నా కొంగుకు తుడిచింది.

వీళ్లను అడిగే పద్ధతి ఏమైనా ఉందా? లేదు కదా.

జూలై 13

ఇల్లిల్లూ తిరుగుతున్నాను. ఒకటే ప్రశ్న – తాగేకి నీళ్లు ఎక్కడివి?

అందరిదీ ఒకటే జవాబు. మా బావ ప్లాంటు క్యాన్లు.

ఊళ్లో వీధి బోర్లన్నీ ఉప్పన. పప్పు ఉడకదు. బడి పిల్లల పళ్ల మీద పసుపు గారలు. తియ్యటి నీళ్లున్నది ఒక్కచోటే, వంక పక్కన మిట్టచేలో. అక్కడ మా ఆయన అన్న ఓబులేసు బావ బోరు వేసి, నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు పెట్టాడు. పొద్దున్నే ఆటోలో క్యాన్లు ఇళ్ల ముందుకు వస్తాయి.

నీళ్లకు నెలనెలా రుసుము అంటే ఎవరూ ఒప్పుకోరని అనుకుంటూ బయల్దేరాను. తీరా చూస్తే అందరూ ఎప్పటినుంచో కడుతూనే ఉన్నారు. క్యాను డబ్బులను ఎవరూ రుసుము అనుకోలేదు, అంతే. దర్జీ పని చేసే రమీజా ఒక్కతే గట్టిగా లెక్క వేసి, "అంటే అక్కా, ఇప్పుడు కట్టేదానికంటే తక్కువే గదా? మరి దాన్ని అప్పంటారేంది?" అంది.

ఏమని చెప్పాలి. అప్పు కాబట్టి అప్పు అంటారు.

జూలై 14

అనుకున్నట్టే బావ వచ్చాడు. లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను. ఆయన ప్లాంటు నీళ్లే.

ఎవరో చెప్పారట, సర్పంచమ్మ ప్లాంటు మూయించడానికి ఇల్లిల్లూ తిరుగుతోందని. మూయించడానికి కాదు బావా, కొళాయిల కోసం అన్నాను. ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"ఆ ఎండలకాలం గుర్తుండాదా నీకు? ట్యాంకరు రాకపాయ, ఆఫీసరు రాకపాయ. అప్పుడు నీళ్లిచ్చింది ఎవురు? నేను సొంతంగా తెచ్చి పెట్టినా. అది మేలని ఒక్కరన్నా అన్నారా? యాపారం అన్నారు. ఇప్పుడు మీరు తెచ్చేదేమో పథకం."

నిజమే కదా. ఆ ఏడాది బావ లేకపోతే ఊరు సగం ఆళ్లగడ్డకు వెళ్లిపోయేది. నేనూ ఆయనకు ఎప్పుడూ ఆ మాట చెప్పలేదు. ఇప్పుడు చెప్తే పని కోసం చెప్పినట్టు ఉంటుంది.

చెంబు కడిగి బోర్లించి వెళ్లాడు.

జూలై 20

నంద్యాల నుంచి షాహీన్ గారితో భూగర్భ జలాలు చూసే ఆయన వచ్చాడు. భూమిలోకి ఇనప కడ్డీలు దిగగొట్టి, తీగలు లాగి, పెట్టెలో ముల్లు చూస్తాడు. నేను పక్కనే నడిచాను. ముల్లు ఎందుకు కదులుతోంది, రాయి ఉంటే ఎలా కదులుతుంది, తడి ఉంటే ఎలా కదులుతుంది... పాపం, విసుక్కోకుండా చెప్పాడు. నల్లమల మీద పడిన వాన పగుళ్లలోంచి దిగుతూ దిగుతూ మన వంక దాకా వస్తుందట. ఎన్నాళ్లకు వస్తుంది అంటే, చెప్పలేమమ్మా అన్నాడు. అంటే నేనిప్పుడు తాగే నీళ్లు ఎప్పటి వానవో?

బోరుకు రెండు చోట్లు చూపించాడు. ఒకటి చెంచుగూడెం వెనక – అది అడవి సరిహద్దు, అనుమతికి ఏళ్లు పడుతుందని షాహీన్ గారు అప్పుడే తల అడ్డంగా ఊపేసింది. రెండోది మా మిట్టచేను పై మూల, గూడేనికి ఆనుకుని. మిట్ట కాబట్టి ట్యాంకు కూడా అక్కడే కట్టవచ్చు, నీళ్లు వాటంగా ఊళ్లోకి దిగుతాయట.

మా చేను. బావ చేను. ఒకటే కదా అది, పంచుకోలేదు ఇంకా.

జూలై 21

గూడెం వెళ్లాను. మా పంచాయతీలోదే, కొళాయిలు అక్కడికీ రావాలి. గ్రామసభకు రమ్మని ఈదమ్మకు చెప్పడానికి. ఆమె మాట గూడెంలో చెల్లుతుంది. చింతపండు గింజలు తీస్తోంది. నాకూ ఒక కత్తిపీట జరిపింది. నేనూ గింజలు తీస్తూ పథకం అంతా చెప్పాను – బోరు, ట్యాంకు, కొళాయి, అప్పు.

అప్పు దగ్గర చెయ్యి ఆపింది.

"నీళ్లు మా కొండ కిందినుంచి మీకు పోతాండాయి. అప్పు మటుకు మా మీదికి ఎక్కొస్తాంది. ఇదెట్లమ్మా?"

వెక్కిరింపు కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేను జూలై మొదటి నుంచి అందరినీ అడుగుతున్నట్టే. కనుక్కుని చెప్తానన్నాను. చింతపండు కొంచెం ఆకులో చుట్టి ఇచ్చింది.

జూలై 22

షాహీన్ గారికి ఫోను. భూమి లోపలి నీళ్లు ఎవరివి?

"చట్టంలో ఒకటుంది మేడం, జనం అనుకునేది ఒకటుంది. మీకు ఏది కావాలి?" అంది. రెండూ చెప్పమన్నాను. రెండూ విన్నాక కూడా ఈదమ్మకు చెప్పదగ్గ మాట ఒక్కటీ దొరకలేదు.

జూలై 29

వాన. పత్తి చేలో నీళ్లు నిలిచాయి. పైన ఇన్ని నీళ్లు, కింద వెతుకులాట.

ఆగస్టు 5

ఈ రోజు ఒక వింత.

చేను మూల పంచాయతీకి రాసివ్వాలంటే బావ ఒప్పుకోవాలి, ఆయన ఒప్పుకోడు. ఇదే ఇన్నాళ్లూ అందరం అనుకుంటున్నది. పాసుపుస్తకం జెరాక్సు కోసం పెట్టె తీశాడు మా ఆయన. చూసి, నాకు చూపించాడు. మిట్టచేను అత్త పేరు మీద ఉంది. మామ కొన్నప్పుడు ఆమె పేరున కొన్నాడట. అది అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తు లేదు. బావ దున్నుతాడు, బావ బోరు వేశాడు, అందుకని బావ చేను అయిపోయింది.

అత్త వంటింట్లో రొట్టెలు తడుతోంది. వెళ్లి అడిగాను. నీ పేరున చేనుందని తెలుసా అత్తా?

"తెలీకేం," అంది. రొట్టె తట్టడం ఆపలేదు. నేనూ తొందరపడలేదు.

ఆగస్టు 9

అత్త చేను చూస్తానంది. మోకాళ్ల నొప్పులతో ఆ దిక్కుకు వెళ్లి చాలా ఏళ్లయింది. ఆటోలో తీసుకెళ్లాను. గట్టు మీద కుర్చీ వేశాను.

కూర్చుని అన్నీ అడిగింది. ట్యాంకు ఎంత ఎత్తుంటుంది. నీడ ఎటు పడుతుంది, పంట మీద పడదు గదా. పడిపోతే? పైకి ఎక్కేకి మెట్లుంటాయా? ముందు ఎవరి ఇంటికి వస్తాయి నీళ్లు? నాకు తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియవన్నాను. గూడెం పిల్లలు వచ్చి మూగారు. ఈదమ్మ కూడా వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు చాలాకాలంగా ఎరుగుదురట – మునుపు కలుపుకు ఒకే చేలల్లో దిగేవారు. ఎవరి మోకాలు ఎక్కువ నొప్పో మాట్లాడుకున్నారు. నీళ్ల మాట రాలేదు.

ఇంటికొచ్చాక కూడా అత్త ఏమీ తేల్చలేదు. బావకు ఈ సంగతి అప్పటికే తెలిసింది. సాయంత్రం వాళ్లమ్మ దగ్గర కూర్చుని వెళ్లాడు. ఏం మాట్లాడుకున్నారో.

ఆగస్టు 15

జెండా అయ్యాక బడి ఆవరణలోనే గ్రామసభ. మిఠాయిల కోసం వచ్చిన పిల్లలు, పిల్లల కోసం వచ్చిన తల్లులు – దానివల్ల ఆడవాళ్లు ఎక్కువ. మంచిదయింది.

షాహీన్ గారు పథకం చెప్పింది. అప్పు అనే మాటను ఎక్కడా మింగలేదు. ఎంత, ఎన్నాళ్లు, కట్టకపోతే ఏమవుతుంది, అన్నీ చెప్పింది. కొందరు గొణిగారు.

ఈదమ్మ లేచి, గూడెంలో నన్ను అడిగిందే అందరి ముందూ అడిగింది. అందరూ నా వైపు చూశారు. నాకు తెలియదన్నాను. "కనుక్కున్నా అమ్మా. సరైన జవాబు దొరకలేదు. నువ్వడిగిందాంట్లో తప్పు మాత్రం నాకు కనపడలేదు."

ఎవరో వెనకనుంచి, వాళ్లకు కొండమీద ఊటుంది గదా, కొళాయిలెందుకు అన్నారు. ఎండలకు ఆ ఊట ఎంత సన్నగా వస్తుందో చెప్పింది ఈదమ్మ. చెంబు నిండేసరికి పిల్లోడు నిద్రపోతాడంది. నవ్వారు. ఆమె నవ్వలేదు.

రమీజానే దారి చూపించింది. కరెంటుకు, రిపేరుకు అందరూ కట్టాలి. అప్పు భాగం మాత్రం గూడెం కట్టాల్సిన పని లేదు, ఆ భాగం ఊరు మోయాలి. మొదటి కొళాయి గూడెంలో. కాసేపు రచ్చ. తర్వాత ఒక్కొక్కరే చేతులు ఎత్తారు. ముందు ఆడవాళ్లు.

అప్పుడు బావ లేచాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"ఇప్పుడందరూ చేతులెత్తుతాండారు. వచ్చే ఎండలకు బోరు ఎండిపోతే? నీళ్లు లేకున్నా అప్పు కట్టాల్సిందేనా?"

షాహీన్ గారు, కట్టాల్సిందే అంది. అందుకే వంకకు అడ్డంగా చిన్న చెక్‌డ్యాం, ఇంకుడు గుంతలు కూడా ఈ అప్పులోనే అడగమని సలహా ఇచ్చింది. తీర్మానంలో రాశాం. ఈ రోజు అడిగినవాటిలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న బావదే. ఆయన పడగొట్టడానికి అడిగాడో, నిలబెట్టడానికి అడిగాడో... ముఖం చూస్తే తెలియలేదు.

ఆగస్టు 16

పొద్దున కాఫీ తాగుతూ అత్త చెప్పింది. రాసిస్తుందట.

"ఇన్నేండ్లకు నన్నొకరు అడిగినారు. ఇస్తాలే. అయితే ఒకటి. ఓబులేసే నన్ను రిజిస్టరాఫీసుకు తోలకపోవాల. నువ్వు గాదు, నీ మొగుడు చంద్ర గాదు."

ఎందుకత్తా అన్నాను. వాడు రాకుంటే అది వాడి చేలోనుంచి గుంజుకున్నట్టు అవుతుందంది. వాడొస్తే ఇచ్చినట్టు.

మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చదవడం లేదు.

ఆగస్టు 18

బావ రానన్నాడు.

ఆగస్టు 20

అక్క – బావ భార్య – వెనక వాకిలి గుండా వచ్చింది. బావ రెండు రోజులుగా అన్నం దగ్గర మాట్లాడటం లేదట. నామీద కోపమా అన్నాను. "నీమీద గాదు. వాళ్లమ్మ అడగబట్టి కాదనలేక సస్తాండాడు," అంది. మజ్జిగ తాగి వెళ్లింది.

ఆగస్టు 22

కారు మా ఇంటి ముందు ఆగింది. బావ దిగలేదు. హారన్ కొట్టాడు.

అత్త కొత్త చీర కట్టుకుంది. ముందు సీట్లో కూర్చుంది. వెనక మేమిద్దరం. దారిలో శిల్పాలు చెక్కే షెడ్ల ముందు సగం చెక్కిన విగ్రహాలు – ఒకదానికి చేతులున్నాయి, ముఖం ఇంకా రాలేదు. అత్త అద్దం దించి చూసింది.

ఆఫీసులో వేలిముద్ర యంత్రం అత్త వేలిని పట్టలేదు. పని చేసి చేసి గీతలు అరిగిపోయాయన్నాడు గుమాస్తా. మళ్లీ మళ్లీ పెట్టించాడు. బావ వచ్చి అత్త చెయ్యి పట్టుకుని, తన చొక్కాకు తుడిచి, వేలు నొక్కిపట్టాడు. పట్టింది.

సాక్షి కావాలన్నారు. మా ఆయన సంతకం పెట్టాడు. రెండో సాక్షి? బావ కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. పెన్ను అడిగాడు.

వచ్చేటప్పుడు అత్తకు బజ్జీలు కావాలంటే ఆపాడు. నాకూ ఒక పొట్లం ఇచ్చాడు, ముఖం చూడకుండా.

సెప్టెంబరు 3

ఏ వార్తా లేదు. మిరప నారు పోస్తున్నారు.

సెప్టెంబరు 11

షాహీన్ గారి ఫోను. ఫైలు వెనక్కి వచ్చింది. గూడెం అప్పు భాగం కట్టనక్కరలేదన్న వాక్యం నియమాల్లో లేదట. అందరికీ ఒకటే రుసుము ఉండాలి. ఆ వాక్యం తీసేసి పంపితే ఈ విడతలోనే మంజూరవుతుంది. లేదంటే వచ్చే విడతకు.

తీసేయడం ఎంతసేపు. ఒక్క గీత. కానీ ఆ వాక్యానికే కదా వాళ్లు చెయ్యెత్తింది.

సెప్టెంబరు 12

గూడెం వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. దాచి తర్వాత చెప్పడం నా వల్ల కాదు. ఈదమ్మ బియ్యం చెరుగుతోంది. కోడి ఒకటి వచ్చి బియ్యం చేటలో కాలు పెడితే అదిలించింది.

"తీసేస్తావా?"

తీయనన్నాను. అయితే ఎట్ల అంది. అది తెలియదన్నాను. ఈ మధ్య నేను ఎక్కువగా అంటున్న మాట ఇదే. చిత్రంగా, అన్నప్పుడల్లా ఎదుటివాళ్లు కొంచెం దగ్గరకు జరుగుతున్నారు.

సెప్టెంబరు 15

నంద్యాల మళ్లీ. షాహీన్ గారి బల్ల ముందు కూర్చుని తీర్మానం మాటలు అటూ ఇటూ తిప్పి చూశాం. అందరికీ ఒకటే రుసుము – సరే. గూడెం కట్టొద్దు అనడం కుదరదు – సరే. మరి వాళ్ల తరఫున ఇంకెవరైనా కట్టవచ్చా? కట్టవచ్చు, ఎవరు కట్టాలని నియమాల్లో లేదు అంది. పంచాయతీ కట్టవచ్చా? పంచాయతీకి సొంత ఆదాయం ఉంటే కట్టవచ్చు.

ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. రోడ్డు పక్క చింతచెట్లు. ఏటా కాయ వేలం వేస్తాం. ఆ సొమ్ము ఇన్నాళ్లూ దేనికి పోతోందో చూస్తే – జెండా పండక్కి మిఠాయిలు, ఆఫీసుకు సున్నం.

సెప్టెంబరు 21

మళ్లీ సభ. చింతకాయ వేలం సొమ్ము గూడెం అప్పు భాగానికి. ఈసారి రచ్చ తక్కువ. ఆ కాయ రాల్చేది, ఏరేది ఎలాగూ గూడెం వాళ్లే అని ఒకరన్నారు. మిఠాయిలు ఉండవా అని పిల్లలు దిగులుపడ్డారు. రమీజా, నేను డబ్బులు వేసుకుని తెస్తామని చెప్పాం.

అక్టోబరు 14

మంజూరు. షాహీన్ గారు ఫోన్లో చెప్పింది. నాకు సంతోషం రావలసినంత రాలేదు. ఊరు అప్పుపడింది ఈ రోజు. అదే తిరుగుతోంది తలలో. వీధిలో అందరూ ఎప్పటిలాగే ఉన్నారు. అప్పుపడ్డ ఊరు చూడడానికి ఎలా ఉంటుందో అని అటూ ఇటూ నడిచాను.

నవంబరు 6

బోరు లారీ. పొద్దున్నే మొదలు.

ముందు దుమ్ము, తెల్లగా, మనుషులు కనపడనంత. తర్వాత నల్లరాయి పొడి. మధ్యాహ్నం దాకా అంతే. అత్త గట్టు మీద కుర్చీలో. గూడెం అంతా అక్కడే. బావ దూరంగా, తన ప్లాంటు గోడకు ఆనుకుని.

దుమ్ము కొంచెం బరువెక్కింది. అందరికంటే ముందు ఈదమ్మ లేచి నిలబడింది. తర్వాత బురద. తర్వాత... నీళ్లు, మనిషి ఎత్తుకు పైగా, బూడిద రంగులో, చన్నీళ్లు. పిల్లలు తడిశారు. పెద్దవాళ్లు తడవనట్టు నటిస్తూ దగ్గరికి వెళ్లారు.

తేరుకున్నాక చెంబు పట్టాం. ఈదమ్మకు ఇచ్చాను మొదట. తర్వాత అత్తకు. అత్త తాగి, చెంబు బావ వైపు చాపింది. ఆయన వచ్చి తాగాడు. "తియ్యగా ఉండాయి," అన్నాడు. అంతే.

నేను తాగినప్పుడు ఒకటే అనిపించింది. ఎప్పటి వానో ఇది.

నవంబరు 9

నీళ్లు పరీక్షకు పంపారు. ట్యాంకు పునాది తవ్వుతున్నారు. పైపులకు ఇంకా నెలలు పడుతుందట.

నవంబరు 18

పరీక్ష బాగా వచ్చింది. తాగవచ్చు. ఊరంతా నాతో మాట్లాడుతోంది. నిన్నటిదాకా తల తిప్పుకున్నవాళ్లు కూడా.

నవంబరు 24

ఎన్ని నీళ్లిస్తుందో చూడాలని బోరుకు మోటరు పెట్టి తెల్లారి నుంచి ఆపకుండా నడిపారు. తగ్గలేదు. షాహీన్ గారి ముఖం వెలిగిపోయింది.

సాయంత్రం అక్క ఫోను చేసింది. ప్లాంటు బోరు గాలి కొడుతోందట. నీళ్లు రావడం లేదు.

నవంబరు 25

వెళ్లి చూశాను. బావ మోటరు వేసి చూపించాడు. దగ్గు... దగ్గు... కొంచెం నీళ్లు, మళ్లీ గాలి. రెండు బోర్లూ ఒకే పగులులోంచి తాగుతున్నాయేమో అంది షాహీన్ గారు ఫోన్లో. పంచాయతీ మోటరు ఆపితే కొన్నాళ్లకు తేరుకోవచ్చు, తేరుకోకపోవచ్చు.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. ప్లాంటు లోపల కడిగిన క్యాన్లు వరసగా బోర్లించి ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడ్డాం. ముందే ఎవరైనా చెప్పి ఉండవలసింది. నేనే అడిగి ఉండవలసింది. ఇన్ని అడిగాను, ఇది అడగలేదు.

ఇది రాయడం కష్టంగా ఉంది.

నవంబరు 27

క్యాన్ల ఆటో రాలేదు. పైపులు ఇంకా పడలేదు. ఇళ్ల ముందు ఖాళీ క్యాన్లు. మధ్యాహ్నానికి మా అరుగు నిండా ఖాళీ క్యాన్లే – ఎవరూ ఏమీ అనలేదు, పెట్టి వెళ్లారు. అప్పుపడ్డ ఊరు ఎలా ఉంటుందో మంజూరైన రోజు వెతికితే కనపడలేదు, ఈ రోజు కనపడింది. కొందరు ట్రాక్టరు పంపి ఆళ్లగడ్డ నుంచి తెప్పించుకున్నారు. మిట్టచేలో మాత్రం కొత్త బోరు నిండుగా ఉంది, మూత బిగించి.

నవంబరు 28

పొద్దున బావ వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చాడు. అత్త మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. 

"ఊళ్లో తాగేకి లేవు. పైపులొచ్చేదాకా నా ప్లాంటు మీ బోరుకు తగిలిచ్చుకుంటే క్యాన్లు నిండుతాయి. దుడ్లు తీసుకోను, కరెంటు ఖర్చు మటుకు ఇస్తే చాలు. ఎవుర్ని అడగాలమ్మా? నిన్నా? ఊరినా?"

మీ బోరు అన్నాడు. ఆయన తండ్రి కాలం నుంచి దున్నిన చేలో.

సరే అనబోయాను. నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. నా బోరు కాదు కదా అది సరే అనడానికి. షాహీన్ గారిని అడిగితే నియమం చెప్తుంది. సభ పెడితే ఊరు చేతులెత్తుతుంది, దాహంగా ఉంది కాబట్టి. కానీ మొదటి నీళ్లు గూడేనికే అని ఆ రోజు అందరం అన్నాం.

ఒక్కపూట ఆగు బావా అన్నాను. తల ఊపాడు. అత్త ఇద్దరినీ చూస్తోంది.

గూడెం బయల్దేరుతున్నాను. ఈదమ్మను ఎలా అడగాలో దారిలో ఆలోచించుకోవాలి... బావ కూడా వస్తానంటున్నాడు. కారు కాదట, నడిచే.